అకిహబరాలో పాత కార్డుల సంత

జపాను రాజధాని టోక్యోలో అకిహబరా అనే పేట ఉన్నది. 1869 లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మళ్ళీ అలాటిది జరగకూడదని మరుసటి ఏడు అక్కడ ఒక గుడి కట్టారు. జనం దాన్ని అగ్నిభయం పోగొట్టే అకిబ దేవుడి గుడి అనుకుని, ఆ బయలును అకిబ మైదానం అన్నారు. తరవాత గుడిని వేరే చోటికి మార్చారు గాని పేరు మాత్రం ఉండిపోయింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక ఆ చుట్టుపట్ల వీధులలో రేడియో సామాన్లు అమ్మే అంగళ్ళు వెలిశాయి. వీధి అంగళ్ళు తీసెయ్యాలని 1949 లో ఉత్తరువయితే, వర్తకులు కొందరు స్టేషను దగ్గర రైలుమార్గం కింద చోటు సంపాదించుకున్నారు. ఆ అంగళ్ళలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కొక్కటీ మన కిళ్ళీకొట్టంత ఉంటుంది. 1976 లో ఎన్.ఈ.సీ. కంపెనీ ఇదే పేటలో, రేడియో కైకాన్ అనే భవనంలో, జనానికి చిన్న కంప్యూటర్లను పరిచయం చేసే స్థలం ఒకటి తెరిచింది. అలా రేడియోల పేట కంప్యూటర్ల పేట కూడా అయింది.

పెద్ద వీధి విడిచి వెనక సందులలోకి వెళితే పాతసామాన్ల దుకాణాలు కనిపిస్తాయి. మునుపటి కంటే తగ్గాయి గాని, లేకపోలేదు. వాటిలో ప్లాస్టిక్ బుట్టల నిండా ఆకుపచ్చని పలకలు కుక్కి ఉంటాయి. బుట్ట మీద "జంక్" అని రాసి ఉంటుంది. ఇది పనిచేస్తుందో లేదో మేము చూడలేదు, కొన్న తరవాత తిరిగి తీసుకోము అని దాని అర్థం. ఈ పలకలలో కొన్ని గ్రాఫిక్స్ కార్డులు. కంప్యూటరు వేసిన లెక్కను తెర మీద అక్షరాలుగా, బొమ్మలుగా చూపించేవి ఇవే. పాతికముప్ఫై ఏళ్ళనాటి కంప్యూటరును బతికించుకోవాలనుకునేవారికి ఈ బుట్టలే దిక్కు. ఆ రకం కార్డులను ఇప్పుడెవరూ తయారు చెయ్యటం లేదు. కార్డు లేకపోతే యంత్రం గుడ్డిది.

తెలిసినవాళ్ళు ముందు కార్డు అంచు చూస్తారు. ఎన్.ఈ.సీ. వారి పీసీ-9801 కంప్యూటరు 1982 లో వచ్చి జపానులో విరివిగా అమ్ముడుపోయింది. దాని పలకలు ఐ.బి.ఎం. తరహా యంత్రాలలో పట్టవు. రెండు రకాలూ ఒకే బుట్టలో కలిసి ఉంటాయి! అంతకంటే ప్రమాదమైనవి ఏజీపీ కార్డులు. మొదట వచ్చినవి 3.3 వోల్టులతో పనిచేసేవి. తరవాత 1.5 వోల్టులవి వచ్చాయి. ఒకదానిలో మరొకటి దిగకుండా అంచున గాటు వేరు వేరు చోట్ల పెట్టారు. కాని గాటు తప్పుగా కోసిన కార్డులు కూడా కొన్ని ఉన్నాయి. అలాటిదాన్ని కొత్త రకం యంత్రంలో పెడితే కార్డు పోవటం అటుంచి, యంత్రంలోని తల్లిపలకే కాలిపోవచ్చు. అందుచేత పరీక్షకు పోయినా ఫరవాలేదనిపించే యంత్రాన్ని వాడాలి.

ఇంటికి తెచ్చాక కార్డును వెంటనే పెట్టరాదు. చిన్న భాగాలేవైనా గీరుకుని ఊడిపోయాయా, కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా అని చూడాలి. అంచునున్న బంగారు పూత పళ్ళను మెత్తటి రబ్బరుతో తుడిస్తే మురికి పోతుంది. "చచ్చిపోయిన" కార్డులు కొన్ని ఇంతమాత్రానికే లేచి కూచుంటాయి.

పరీక్ష యంత్రాన్ని ముందు కార్డు లేకుండా నడపాలి. చాలా యంత్రాలు అప్పుడు ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు కూస్తాయి. "నాకు కళ్ళు లేవు" అని దాని మొర. అంటే మిగతా ఒళ్ళు బాగున్నట్టే. యంత్రాన్ని ఆపి, తీగ ఊడదీసి, కార్డు పెట్టి మళ్ళీ నడపాలి. అదే కూత వినిపిస్తే యంత్రం కార్డును గుర్తించలేదన్నమాట. కూత లేకుండా తెర వెలిగితే అసలు వినోదం అప్పుడే.

తెల్లగా ఉండవలసిన అక్షరాలు పసుపుపచ్చగా ఉన్నాయనుకోండి. తెర మీద తెలుపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిస్తే వస్తుంది. నీలం రాకపోతే మిగిలేది పసుపు. ముందు తీగను అనుమానించాలి. ఆ పదిహేను సూదుల కొసలో మూడవది నీలానిది. అది వంగి ఉండవచ్చు.

రంగులు సరిగా ఉండి అక్షరాలే మారితే జబ్బు జ్ఞాపకపు చిప్పులో ఉన్నది. కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాచుకుంటుంది. ఇంగ్లీషు "ఏ" కు 65, "బీ" కి 66, "సీ" కి 67, "డీ" కి 68. అంకెను 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపయ్యే భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఒక గడి కేటాయిస్తుంది. 2 తాలూకు గడి చెడి ఎప్పుడూ నిండి ఉన్నట్టే చూపిస్తే 65 కాస్తా 67 అవుతుంది. 68 కాస్తా 70 అవుతుంది. 66 లోనూ 67 లోనూ ఆ 2 ఇదివరకే ఉన్నది గనక అవి మారవు. "ఏ, బీ, సీ, డీ" అని కొడితే తెర మీద "సీ, బీ, సీ, ఎఫ్" అని వస్తుంది! ఖాళీ చోటుకు అంకె 32. అది 34 అయి, ఖాళీ ఉన్నచోటల్లా కొటేషను గుర్తులు మొలుస్తాయి. ఏ గడి చెడిందో యంత్రం విప్పకుండానే కాగితం మీద లెక్క కట్టవచ్చు.

ఒక్క హెచ్చరిక. పాతకాలపు గాజుతెర పెట్టెనూ, కరెంటు పెట్టెనూ పిల్లలు విప్పరాదు. తీగ ఊడదీసిన తరవాత కూడా వాటిలో విద్యుత్తు నిలవ ఉంటుంది.

ఇక లేవని కార్డు మాటేమిటి? 1990 ప్రాంతపు కార్డులు కొన్నిటిలో జ్ఞాపకపు చిప్పులను సాకెట్లలో గుచ్చి ఉంచేవారు. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారటం వల్ల అవి కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. ముందు వాటిని వేలితో గట్టిగా నొక్కి చూస్తారు. అప్పటికీ లాభం లేకపోతే చిప్పులు పీకి దాచుకుంటారు. "ఏ" ను "సీ" అంటున్న మరో కార్డుకు, అదే రకం చిప్పు అయితే, అవే మందు. ఉబ్బిన కెపాసిటర్లకు బదులు కావాలంటే, రైలుమార్గం కింద ఆ కిళ్ళీకొట్టంత అంగళ్ళు ఉన్నాయి గదా, అక్కడ ఒక్కటి అడిగినా ఇస్తారు.