పెళ్ళి కార్లు, నలభై వాటాలు

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని ప్రత్యేకంగా చేయించారు. ఇంగ్లండులోని బార్కర్ కంపెనీవారు దాని బాడీని కట్టి, వెనుక ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కాలధర్మం చెందారు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆ కారును ఉత్సవాలకు వాడారు.

విద్యార్థులతో వెళ్ళి దానిని చూసినప్పుడు మావాడొకడు "హజ్రత్, ఇది మన వీధి డాడ్జిలా ఉంది" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది గాని పోలిక సరైనదే.

కర్నూలు పాతబస్తీలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక కుటుంబం ఉంది. పెళ్ళికొడుకుల ఊరేగింపులకు కార్లు అద్దెకిచ్చి బ్రతికిన కుటుంబమది. పెద్దాయన ఒక డాడ్జికి టాపు కోయించి, వెనుక సీటును జానెడెత్తు లేపించి, పక్కల ఇత్తడి పూలు కొట్టించారు. ఆ పని చేసినవాడు కడపకు చెందిన టింకరు. దానికి తోడు రెండు అంబాసిడర్లు, ఒక ఫియట్ ఉండేవి. నంద్యాల, ప్రొద్దుటూరు, కడప దాకా డాడ్జికి పిలుపులు వచ్చేవి.

2009 అక్టోబరు తొలివారంలో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు పాతబస్తీని ముంచినప్పుడు నాలుగు కార్లూ మునిగాయి. ఇంజన్ల నిండా ఒండ్రు చేరింది. పెద్దాయన వాటిని విప్పించి, కడిగించి, మళ్ళీ నడిపించారు. వరద తీయలేని ప్రాణాన్ని తరువాతి కాలం తీసింది. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. కడప టింకరు కన్నుమూశాడు, అతని కుమారుడు మోటారు సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు. ఇప్పటి వరులకు పైకప్పు తెరుచుకునే కొత్త కార్లు కావాలి. ఊరేగింపు ఆడంబరాలు వద్దని జుమా ప్రసంగాలలో చెప్పేవారిలో మేమూ ఉన్నాము. ఆ మాటను వెనక్కి తీసుకోము. అయితే దాని బరువు ఎవరి వంటింటిపై పడిందో మాకు కనబడకపోలేదు.

నిరుడు పెద్దాయన మరణించారు. వారసులు నలుగురు: భార్య, ఇద్దరు కొడుకులు, కడపలో మెట్టిన కూతురు. పెద్దవాడు అన్నిటినీ ఇనుము ధరకు అమ్మేద్దామన్నాడు. చిన్నవాడు నాన్న చేతి గుర్తులను అమ్మనని పట్టుబట్టాడు. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన కార్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చని ఎవరో చెప్పగా ఎంతో ఆశతో వచ్చాడు. రుసుము 20,000 రూపాయలు. కాని కారు అసలు రూపంలోనే ఉండాలి, దానిని వ్యాపారానికి నడపరాదు. టాపు కోయడం వల్లనే ఆ డాడ్జికి పేరు వచ్చింది, ఆ కోత వల్లనే వింటేజ్ హోదా అందకుండా పోయింది!

కూతురు ఏమీ అనలేదు. అందరూ దానిని అంగీకారంగా తీసుకున్నారు. మేము తీసుకోలేదు. అప్పులు తీరిన తరువాత మిగిలినదాన్ని నలభై వాటాలు చేస్తే తల్లికి ఐదు, కొడుకులకు చెరి పద్నాలుగు, కూతురికి ఏడు. ఈ లెక్క ఇనుముకైనా ఇత్తడి పూలకైనా ఒకటే. నాన్న జ్ఞాపకాన్ని నిలుపుకోవాలనుకునేవాడు తన వాటాతో నిలుపుకోవాలి, చెల్లెలి మౌనంతో కాదు. ముందు వెల కట్టించండి అన్నాము. చిన్నవాని ముఖం మాడింది. "హజ్రత్, మీరూ అన్నయ్య పక్షమేనా?" అని అడిగాడు. మేము ఎవరి పక్షమూ కాదని అతనికి అర్థమయ్యేసరికి మూడు వారాలు పట్టింది.

చౌమహల్లాను ఇస్రా రాకుమారి పూనుకొని బాగుచేయించారు, 2010లో దానికి యునెస్కో పురస్కారమూ వచ్చింది. సందర్శకులు టికెట్టు కొని లోపలికి వెళతారు. మా వీధి షెడ్డుకు టికెట్టు కొనేవారు ఎవరున్నారు? ఉన్న నాలుగింటినీ ఎండకు వదిలి తుప్పు పట్టించడం కంటే మూడింటిని అమ్మి ఒకదాన్ని బ్రతికించడమే మేలని మా అభిప్రాయం.

చివరికి అలాగే జరిగింది. అంబాసిడర్లు, ఫియట్ అమ్ముడుపోయాయి. డాడ్జిని చిన్నవాడు వెలకట్టి తీసుకున్నాడు, మిగిలినవారి వాటాలకు వాయిదాలు రాసిచ్చాడు. షెడ్డుకు కొత్త రేకు వేయించాడు. మొదటి వాయిదాను స్వయంగా కడపకు తీసుకువెళ్ళి అక్కచెల్లెళ్ళలో తనకున్న ఆ ఒక్కదాని చేతిలో పెట్టి వచ్చాడు. రెండవది రంజాన్‌కు ముందు ఇవ్వాలి.