కోళ్ళగూడూ, పారా, నేనూ

నాకు లెక్కలు రావు. తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండదు. పాల లెక్క రాద్దామని కూర్చుని, ఆ కాయితం మీదే నవలలో కోడలికి ఏం పేరు పెట్టాలా అని రాసుకుంటాను. ఇన్ని అవలక్షణాలకీ మా అబ్బాయి ఓ రోజు ఒక్క ముక్కలో క్షమాభిక్ష పెట్టేశాడు. "నీది కుడి మెదడమ్మా! కళాకారులందరికీ అంతే!"

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆనాటినుంచీ పప్పు మాడినా నేరం నాది కాదు, కుడి మెదడుది. మావారు మాత్రం "మరి ఎడమది అద్దెకిచ్చావా?" అనేవారు.

ఆ ధీమా ఎన్నాళ్ళో నిలవలేదు. వాడే ఇంకో పుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు. కళ కుడివైపు, లెక్క ఎడమవైపు అని అన్నదమ్ముల వాటాల్లా గిరిగీసి పంచడం శాస్త్రం ఒప్పుకోదట! పైగా అందులో మైకేల్ గజానిగా అనే అమెరికన్ శాస్త్రవేత్త సంగతి ఉంది. 1981లో నోబెల్ బహుమతి అందుకున్న రోజర్ స్పెర్రీ దగ్గర, 1960లలో కాలిఫోర్నియాలో శిష్యరికం చేసినాయన.

మన మెదడు రెండు చెక్కలు. మధ్యలో సుమారు 20 కోట్ల నరాల పోగుల వంతెన. మందులకి లొంగని మూర్ఛరోగం ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పాకకుండా, కొందరికి ఆ వంతెనని కోసేసేవారు. ఆపరేషను తర్వాత మనిషి చూడ్డానికి మామూలుగానే ఉంటాడు. కానీ కుడిచెక్క చూసింది ఎడమచెక్కకి తెలీదు. మాటలేమో చాలామందిలో ఎడమదాని సొత్తు.

1970లలో గజానిగా, ఆయన శిష్యుడు జోసెఫ్ లెడూ అలాంటి ఓ కుర్రవాడికి రెప్పపాటుసేపు రెండు బొమ్మలు చూపించారు. ఎడమ మెదడుకి కోడికాలు. కుడి మెదడుకి మంచు కప్పేసిన ఇల్లు. వీటికి తగిన బొమ్మల్ని ఏరమంటే, కుడిచెయ్యి కోడిని చూపించింది. ఎడమచెయ్యి పారని చూపించింది. మంచు ఎత్తిపొయ్యాలిగా మరి!

"ఇవెందుకు ఏరావు?" అని అడిగారు. జవాబు చెప్పాల్సింది ఎడమ మెదడు. పాపం, దానికి మంచు సంగతే తెలీదు. "ఏమో" అనొచ్చుగా? అనలేదు! కోడికాలు కోడిది, కోళ్ళగూడు శుభ్రం చెయ్యడానికి పార కావాలి కదా అని తడుముకోకుండా చెప్పేసింది. అబద్ధమాడుతున్నానన్న ఊహే దానికి లేదు. చేసిన ప్రతి పనికీ కారణం అల్లే ఈ గడసరికి గజానిగా వ్యాఖ్యాత అని పేరు పెట్టాడు.

అంటే కథలల్లేది ఎడమ మెదడన్నమాట! పకపకా నవ్వాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సంక్రాంతి వెళ్ళగానే అమ్మకి పక్షవాతం వచ్చింది. దెబ్బ ఎడమ మెదడుకి. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రిలో ఓసారి చూసి వచ్చాను. ఆ తర్వాత మూడు నెలలు వెళ్ళలేదు. అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా నా దగ్గర కారణం సిద్ధంగా ఉండేది. సీరియల్ ముగింపు రాయాలి. అబ్బాయికి పరీక్షలు. ఎండలు మండిపోతున్నాయి. అన్నీ నిజాలే. కానీ అసలు మంచు వేరే ఉంది. నాకు కథ చెప్పడం నేర్పిన మనిషి ఒక్క మాట కోసం పెదాలు వణికిస్తుంటే చూడలేకపోయాను.

మర్నాడే బస్సెక్కాను. దారిపొడుగునా సంజాయిషీలు వల్లించుకున్నాను. తీరా చూస్తే, అడగడానికి అమ్మకి మాటేదీ? పనిచేసే ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, అంతే.

సాయంత్రం వదిన దీపం పెట్టి మంగళహారతి ఎత్తుకుంది. రెండో చరణంలో ఇంకో గొంతు కలిసింది. అమ్మ! మాటలతో సహా పాడుతోంది! మాట పోయిన కొందరికి పాట మిగులుతుందనీ, ఆ ఆధారంతోనే 1970లలో బోస్టన్ వైద్యులు పాటతో మాట నేర్పే చికిత్స మొదలుపెట్టారనీ చదివే ఉన్నాను. చదవడం వేరు, వినడం వేరు. హారతి అయిపోగానే అమ్మ మళ్ళీ మూగబోయింది.

అన్నయ్య నన్ను వసారాలోకి పిలిచాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదే?"

సీరియలూ, పరీక్షలూ, ఎండలూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"భయమేసింది అన్నయ్యా" అన్నాను.