రెండు గోదారులు దాటే బండి

బండ్ల గురించి రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదండీ. నాకు తెలిసిన బండి ఒక్కటే, మా అమ్మాయిని ఒకటో తరగతిలో చేర్పించిన ఏడాది కొన్న నూరు సి.సి. బండి. ట్యాంకు మీద అమ్మాయి, వెనక నేను, నా ఒళ్ళో కూరల సంచీ. రాజమండ్రి వీధుల్లో పన్నెండేళ్ళు తిరిగింది, ఏనాడూ మొరాయించలేదు.

మొన్న 2025 జూన్‌లో మా వారికి పెనుగొండ వైపు బ్యాంకు బ్రాంచికి బదిలీ అయింది. మోరంపూడి దగ్గర హైవే ఎక్కి వేమగిరి, కడియపులంక, జొన్నాడ దాటి, గౌతమి మీద వంతెన దిగితే రావులపాలెం. అక్కణ్ణుంచి ఈతకోట టోల్‌గేటు, మళ్ళీ వశిష్ఠ మీద వంతెన, దిగితే సిద్ధాంతం. అక్కడ హైవే వదిలి ఎడమకి తిరగాలి. బండి మీటరు ప్రకారం మా గుమ్మం నుంచి బ్యాంకు గుమ్మానికి 56 కిలోమీటర్లు. అంటే రోజూ రెండు గోదారులు దాటి వెళ్ళి, మళ్ళీ రెండు గోదారులు దాటి రావాలి.

అక్కడికే మారిపోవచ్చు కదా అని అందరూ అడిగారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అత్తయ్యగారికి మోకాళ్ళు, ఆవిడ డాక్టరు ఇక్కడే. బస్సులోనా, రావులపాలెంలో ఒకటి, సిద్ధాంతంలో ఇంకొకటి మారాలి. వెళ్ళేటప్పుడు ఎలాగో కుదిరేది గానీ, సాయంత్రం లెక్కలు ముగించుకుని బయటపడితే ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. కారు మాట కూడా అనుకున్నాం. ఒక్క మనిషి కోసం అంత పెట్రోలు, పైగా టోలు! బైకుకైతే టోలు లేదు. అలా మళ్ళీ పాత బండి దగ్గరికే వచ్చాం.

మొదటి నెల ఆయన ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, గోడకి వీపు ఆనించి కూర్చునేవారు. అన్నం కలుపుతుంటే వేళ్ళు సన్నగా వణికేవి. “ఏమైందండీ?” అంటే, “ఏం లేదు, బండి అదురు” అనేవారు.

జులైలో ఒక ఆదివారం పెనుగొండ వాసవీ అమ్మవారి దర్శనానికి వెళ్దాం అన్నాను. నిజానికి నేను చూడాలనుకున్నది ఆ దారిని. బస్సులో ఎన్నోసార్లు వెళ్ళిన రోడ్డే, కానీ బస్సు కిటికీలోంచి చూసే రోడ్డు వేరు, బండి వెనక కూర్చుని చూసే రోడ్డు వేరు. అత్తయ్యగారి ముందు నేను చుడీదార్ వేసుకుని, రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, “జాగ్రత్త” అని మాత్రం అన్నారు.

వేమగిరి దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఒక లారీ మమ్మల్ని దాటి వెళ్ళింది. ముందు దాని గాలి పక్కకి తోసింది, వెంటనే లోపలికి లాగింది. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. తర్వాత ఇంకొకటి, దాని వెనక కొబ్బరికాయల లారీ. మా బండి అరవై దాటితే ఒళ్ళంతా జివ్వుమంటుంది, యాభైలో వెళ్తే వెనకాలవాళ్ళు హారన్లతో తరుముతారు. జొన్నాడ వంతెన మీద మరో రకం. కింద ఎర్రనీళ్ళు నిండుగా పోతున్నాయి, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ ఏటిగాలి అడ్డంగా కొడుతుంటే బండి తిన్నగా పోదు, ఆయన భుజాలు బిగబట్టి పట్టుకున్నారు. వీటన్నిటికీ తోడు రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాళ్ళు, రోడ్డు మధ్య గేదెలు. ఈ మనిషి నెల రోజులుగా ఇదంతా చేసి వచ్చి నాకు “ఏం లేదు” అంటున్నారా! అమ్మవారి ముందు నిలబడి ఏం మొక్కుకున్నానో ఇక్కడ రాయను.

తిరిగొచ్చాక బండి మార్చాల్సిందే అన్నాను. ఆ మాటతో ఇంట్లో తిరునాళ్ళు మొదలైంది. హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోను, “అక్కా, బావకి హిమాలయన్ 450 తీసుకోండి, దూరాలకి అదే” అని. అమ్మాయి తన ఫోనులో ముక్కు పొడుచుకొచ్చిన బండ్లన్నీ చూపించేది. అత్తయ్యగారి ఓటు బస్సుకే. మా వారు మాత్రం ఎవరు ఏమన్నా తల ఊపేవారు. ఆయన మనసులో కాలేజీ రోజుల నుంచీ బుల్లెట్ బండి ఉందని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

షోరూములు తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, బండికి ముందు చూడాల్సింది ఇంజను కాదు, సీటు ఎత్తు. మా వారు అయిదడుగుల నాలుగు అంగుళాలు. హిమాలయన్ సీటు 825 మిల్లీమీటర్లు, ఎక్కితే రెండు కాళ్ళూ మునివేళ్ళ మీదే. హోండా హైనెస్ 800, ఒక కాలు ఆనితే రెండోది తేలుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 765. దాని మీద కూర్చోగానే రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి, ఆయన ముఖం కూడా మారిపోయింది. బరువు 191 కిలోలు. పడితే లేపగలరా, మా సందులో వెనక్కి నెట్టగలరా అని అక్కడే నాలుగుసార్లు నెట్టించాను. షోరూము అబ్బాయి నవ్వుకున్నాడు. నవ్వుకోనీ.

ఆ అబ్బాయి చెప్పేదంతా మా వారికే చెప్పేవాడు. నన్ను అడిగింది ఒక్కటే, “మేడమ్, రంగు ఏది కావాలండి?” అని. నేను తిరిగి అడిగాను. చీర గార్డు ఇప్పుడే బిగిస్తారా, తర్వాతా? వెనక పట్టుకునే కమ్మీ ఎక్కడ? టైర్లు ట్యూబు ఉన్నవా, లేనివా? (రాత్రిపూట వంతెన మీద పంక్చరైతే ట్యూబు టైరు విప్పేవాడు ఎక్కడ దొరుకుతాడు?) వెనక కూర్చునే మనిషికి పట్టుకొమ్మ, కాళ్ళు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా కప్పు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. ఇది నాకు అమ్మాయి ఫోనులో వెతికి పెట్టింది. చీర కట్టుకునే ప్రతి ఆడమనిషీ తెలుసుకోవాల్సిన నియమం, మనకి మాత్రం ఎవరూ చెప్పరు.

ఆగస్టుకి రెండు మిగిలాయి. ఆయనకి మీటియార్. నాకు 160 సి.సి. బండి ఒకటి, ధర దాదాపు సగం. నా పద్దుల పుస్తకంలో లెక్క వేశాను. నెలకి 24 రోజులు, దగ్గర దగ్గర 2,700 కిలోమీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే, అరవై ఇచ్చే పాత బండికి నెలకి 5,000 లోపు. ముప్పై అయిదు ఇచ్చే పెద్ద బండికి 8,500. 160 అయితే ఈ రెంటికీ మధ్య. తేడా చూపిస్తే మా వారు, “నిజమేలే” అన్నారు. ఆ “లే”లో ఎంత ఉందో నాకు వినిపించింది, వినిపించనట్టు ఊరుకున్నాను.

అంతలో ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో జీఎస్టీ తగ్గిస్తామన్నారు, దీపావళికల్లా అన్నారు. నాకు మంచి సాకు దొరికింది. “దీపావళిదాకా ఆగుదామండీ, ఎంతో కొంత కలిసొస్తుంది” అన్నాను. శ్రావణమాసంలో కొనేయమని అత్తయ్యగారు కూడా అన్నారు, బస్సు సంగతి మర్చిపోయి. ఆపింది నేనే.

వినాయక చవితి వెళ్ళిన వారంలో, సాయంత్రం ఏడింటికి ఫోను మోగింది. ఆయన నంబరే, గొంతు మాత్రం ఎవరో ఆడమనిషిది. “అమ్మా, అయ్యగారు బాగానే ఉన్నారండి, కంగారు పడకండి. బండి జారిందండి.” కడియపులంకలో వాన. మొక్కలు వేసుకున్న ఆటో ఒకటి నర్సరీ లోంచి వెనకా ముందూ చూడకుండా రోడ్డెక్కింది. ఆయన బ్రేకు తొక్కారు. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి జారిపోయింది. వెనకొస్తున్న లారీ ఆగింది. ఆగింది కాబట్టి నేను ఇది రాస్తున్నాను. నర్సరీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి లేపి, మట్టి చేతులతోనే ఫోను తీసి నాకు చేశారు. మణికట్టు బెణికింది, మోకాలు గీరుకుపోయింది. అంతే. ఆ “అంతే” అనే మాట ఆ రాత్రి మా ఇంట్లో అందరం ఎన్నిసార్లు అన్నామో.

ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అత్తయ్యగారే పసుపు నూరుతూ, నా వైపు చూడకుండా, “డబ్బులు ఎప్పుడైనా వస్తాయమ్మా” అన్నారు.

సెప్టెంబరు 3 రాత్రి, ఆయన చేతికి కట్టుతో కూర్చుని టీవీ చూస్తుంటే వార్త వచ్చింది. 350 సి.సి. దాకా బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18కి, సెప్టెంబరు 22 నుంచి అమలు. అంతకు మించిన వాటికి 40. తమ్ముడి హిమాలయన్ ఆ దెబ్బకి పక్కకి పోయింది. మీటియార్ 349 సి.సి., ఇరవై వేల దాకా తగ్గుతుందన్నారు. నేను కోరుకున్నట్టే జరిగింది. సంతోషం మాత్రం రాలేదు. డాక్టరు ఫీజు, ఎక్స్‌రే, మందులు, పాత బండి రిపేరు, ఇవేవీ నేను పద్దుల్లో రాయలేదు. ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

పాత బండికి పట్టీ కొట్టే మెకానిక్‌ని అడిగితే విడమరిచి చెప్పాడు. 125 సి.సి. దాటిన కొత్త బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏ.బి.ఎస్. తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా, పట్టి వదిలి పట్టి వదిలి ఆపుతుంది. “కానండీ, మీరనే 160కి ముందు చక్రానికే ఉంటదండి. మీటియార్‌కి రెంటికీ ఉంటదండి. అయ్యగారికి జారింది వెనకదే కదండి.” నేను ఇంటికొచ్చి, లోపలున్న ఆయనతో గుమ్మంలోంచే చెప్పాను, “మీటియారే తీసుకుందామండీ.” ఆయన కాసేపు ఊరుకుని, “పెట్రోలు ఎక్కువ తాగుద్దే” అన్నారు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి పోయాను.

చెయ్యి నయమయ్యాక కొత్త బండి వచ్చేదాకా ఆయన బస్సులోనే వెళ్ళారు. దసరా రోజున బండి తీసుకున్నాం. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, హారతిచ్చాం. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్లు రెండు, వాన కోటు, ముందు అద్దం. నా పట్టుదల కొద్దీ క్యారేజీ పెట్టుకునే సంచీ కూడా. కడియపులంక దగ్గర ఆగి ఆ ఇద్దరికీ స్వీట్లు ఇచ్చి రమ్మన్నాను. ఒకావిడే ఉందట, ఇంకొకావిడ కొబ్బరి పీచు పనికి వెళ్ళిందట. ఆవిడ ఈయనకి మందార మొక్క ఇచ్చి డబ్బులు పుచ్చుకోలేదట. కొత్త బండికి మొక్కలు కట్టుకునే క్యారియర్ లేదు. ఆ మొక్కని పొట్టకి ఆనించుకుని తెచ్చారు.

ఇప్పుడు అన్నం కలిపేటప్పుడు చేతులు వణకడం లేదు. వంతెన మీద బరువే మంచిదయింది, గాలికి కదలడం లేదంటున్నారు. నెలకి పెట్రోలు నేను అనుకున్నట్టే అవుతోంది, ఆ పేజీ మాత్రం బుద్ధిగా రాస్తున్నాను.

ఒక్కటే చిక్కు. పాత బండి చప్పుడు నాకు సందు మొదట్లోనే తెలిసిపోయేది, పొయ్యి మీద చారు పెట్టేదాన్ని. కొత్తదాని చప్పుడు ఇంకా చెవికి పట్టలేదు. మా వీధిలో కాలేజీ కుర్రాళ్ళకి ఇలాంటివే నాలుగున్నాయి. నిన్న రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిది లోపు గుమ్మందాకా మూడుసార్లు వెళ్ళొచ్చాను. మూడోసారి అత్తయ్యగారు కూడా నా వెనకే వచ్చి నిలబడ్డారు.