బండి ఎక్కడ పెట్టాలి? - నాగసంద్ర నుంచి చిక్కపేటకు

పేటలో సమావేశం అని కార్డు వెళ్ళగానే మన సభ్యులలో సగం మంది అడిగే మొదటి ప్రశ్న "ఎవరు మాట్లాడతారు?" అన్నది కాదు. "బండి ఎక్కడ పెట్టాలి?" అన్నది. దీనిని నవ్వి త్రోసివేయడానికి వీలు లేదు. తాతల నాడు చిక్కపేట, నగరత్‌పేట, కబ్బన్‌పేట వీధులలో కాపురమున్న మన కుటుంబాలు ఇప్పుడు నెలమంగళ వైపు కొన్ని, కెంగేరి వైపు కొన్ని, హొసకోటె వైపు కొన్ని చెదరిపోయినవి. ఇల్లు కట్టుకొనడానికి చోటు అక్కడ దొరికింది. కాని పెద్దల ఇండ్లు, పెండ్లి బట్టల అంగళ్లు, తరాలుగా కొలిచే గుళ్ళు పేటలోనే ఉండిపోయినవి. పండుగకు వచ్చి పెద్దమ్మ కాళ్ళకు నమస్కరించి పోవలెనన్నా, బండి సంగతి తలచుకొని "వచ్చే నెల చూద్దాంలే" అనుకొనేవారు నాకు తెలిసినవారే చాలమంది. వచ్చే నెల కూడ అదే మాట. ఇలాగే రాకపోకలు సన్నగిల్లుతవి.

నేను నెలమంగళ దాపున ఉంటూ, పేటలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తున్నాను. వారానికి ఆరు రోజులు ఈ దారి నాకు తప్పదు గనుక, తెలిసినంతవరకు వ్రాస్తున్నాను.

పేట వీధులను నిందించి లాభం లేదు. 1537లో కెంపేగౌడ వేయించినవని చెప్పుకొనే వీధులు అవి. ఎద్దుబండ్లకూ, మూటలు మోసే జంతువులకూ సరిపడ వెడల్పే వాటికి ఉన్నది. అందులో సరకు టెంపోలు, ఆటోలు, స్కూటర్లు, తలమీద బట్టల మూటతో నడిచే కూలీలు, ఇంతమంది నడుమ మన కారును కూడ దూర్చాలని చూస్తే కారు వెళ్ళదు, కూలీ వెళ్ళడు. ఆ వీధుల క్రిందికి రైలు వచ్చింది గదా, ఇక బెంగ లేదనుకొన్నవారు ఉన్నారు. మెట్రో మొట్టమొదట 2011 అక్టోబరు 20న బయ్యప్పనహళ్ళి, మహాత్మాగాంధి రోడ్డుల నడుమ నడిచింది. 2016 ఏప్రిల్ చివర కబ్బన్ పార్కు వైపున నేలక్రిందికి దిగింది. చిక్కపేటకు, కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు వచ్చేసరికి 2017 జూను అయింది. మనవాళ్ళకు చెప్పదగిన ముచ్చట ఒకటున్నది. చిక్కపేట, మెజెస్టిక్కుల నడుమ భూమిని తొలిచిన రెండు యంత్రాల పేర్లు గోదావరి, కృష్ణ. గోదావరి ముందుగా ఇవతలికి వచ్చింది. కృష్ణ మాటిమాటికీ మొరాయించి 2016 సెప్టెంబరులో గాని మెజెస్టిక్కు చేరలేదు. ఆ రోజుల్లో మా ఆఫీసులో "ఈ ఏడు కృష్ణకు నీళ్ళు ఆలస్యం" అని హాస్యమాడుకొనేవాళ్ళం.

రైలు వచ్చింది గాని బండికి చోటు రాలేదు. కారణం సులభమే. నేలమీద నుంచి పోయే రైలుకైనా, స్తంభాలమీద పోయే రైలుకైనా ఊరి అంచున విశాలంగా స్థలం తీసికొంటారు. అక్కడ నేల కొంత మిగులుతుంది. నేలక్రింది స్టేషను అలా కాదు. స్టేషనంతా లోపల ఉంటుంది. పైన కనిపించేవి మెట్లు, లిఫ్టు, గాలి పోయే గొట్టాలు మాత్రమే. పేటవంటి చోట ఆ మెట్లకు జాగా సంపాదించడమే గొప్ప. ఇక బండ్లకు ఎక్కడ తెస్తారు? చిక్కపేట స్టేషనులో మెట్రోవారి బండ్ల స్టాండు లేదు. వెదకి ప్రయోజనం లేదు. అందుచేత పేటకు వచ్చేవాడు బండిని పేట దగ్గర కాక, రైలు ఇంకా ఆకాశంలో ఉన్నప్పుడే, ఊరి అంచున విడిచిపెట్టి రావలె. ఈ ఒక్క సంగతి ఒప్పుకొంటే తక్కినది తేలిక.

మా వైపు అటువంటి చోటు నాగసంద్ర. తుమకూరు రోడ్డుమీద 2015 మే 1న రైలు అక్కడికి వచ్చింది. స్టేషను ప్రక్కనే కార్లకూ స్కూటర్లకూ అంతస్తులుగా కట్టిన శాల ఉన్నది. కన్నడ బోర్డుమీద "వాహన నిలుగడె" అని వ్రాసి ఉంటుంది. "నిలుగడె" అన్న మాట నాకు "పార్కింగు" కన్న చక్కగా వినిపిస్తుంది. ప్రక్కనే స్వీడను దేశపు మేజాబల్లల దుకాణం ఐకియా 2022 జూనులో తెరచారు. దాని ఆవరణలో చోటు కనిపిస్తే ఆశపడవద్దు. అది సరకు కొనేవారి కోసం. ఉదయం తొమ్మిదిలోగా వస్తే క్రింది అంతస్తులోనే చోటు దొరుకుతుంది. ఆలస్యమైతే పైకి ఎక్కవలసిందే. ఎక్కిన అంతస్తు గుర్తు పెట్టుకొనండి. సాయంకాలం అన్ని స్కూటర్లూ ఒకే రంగుగా కనిపిస్తవి. తలటోపీని బండి అద్దానికి తగిలించి పోకండి. ఒక స్టాండులో, ఏదని చెప్పను, నా టోపీ ఆ విధంగానే మాయమైంది. కాపలావాడిని అడిగితే "బండి ఉన్నది గదా సార్" అన్నాడు.

2024 నవంబరు 7 నుంచి రైలు ఇంకా ముందుకు, వస్తుప్రదర్శన శాల ఎదుటి మాదావర దాకా పోతున్నది. నెలమంగళవారికి అది మరీ దగ్గర. బస్సులో వచ్చి ఎక్కేవారికి అదే మంచిది. నేను మాత్రం బండికి పైకప్పు ఉన్నదని నాగసంద్ర విడువలేదు. ప్రదర్శన ఉన్న రోజుల్లో మాదావరలో జనసందోహం వేరే.

ప్రయాణం చెప్పుకోదగినదే. పీణ్య షెడ్ల రేకులమీదుగా, యశవంతపురం రైలు పట్టాల ప్రక్కగా వస్తాము. గంధపు సబ్బు ఫ్యాక్టరీ స్టేషనులో గాలి అనుకూలంగా ఉంటే, తలుపు తెరచినప్పుడు వాసన లోపలికి వస్తుంది. టిక్కెట్టులో దీనికి లెక్క లేదు. రాజాజీనగర, శ్రీరాంపురం డాబాలమీద ఆరవేసిన బట్టలు, తులసికోటలు కనిపిస్తవి. సంపిగె రోడ్డు దాటగానే రైలు నేలలోనికి దిగుతుంది. పిల్లలు కిటికీ అద్దంలో తమ ముఖాలు చూచుకొంటారు. మెజెస్టిక్కులో సగం బండి ఖాళీ అవుతుంది. ఆ తరువాతిదే చిక్కపేట. కోట వైపు, ఆస్పత్రుల వైపు పోయేవారు ఇంకొక స్టేషను పోయి మార్కెట్టులో దిగవచ్చు.

మొదటిసారి ఈ విధంగా నగరత్‌పేటలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడ గడపలోనే నిలబెట్టి అడిగింది.

"బండి యాడ పెట్టినావురా నాయనా? మళ్ళా పోలీసోళ్ళు ఎత్తుకొని పోతారు."

"నాగసంద్రలో పెట్టినా పెద్దమ్మా."

"అంత దూరంలోనా! మరి ఈడికి ఎట్ల వస్తివి?"

"భూమి క్రింద నుంచి."

ఆవిడ కొంచెంసేపు నా మొగం చూచి, "అయితే ఇంక తొందర లేదు గదా, భోంచేసి పో" అన్నది. నిజానికి అంతకు పూర్వం ఆ ఇంట్లో నేను కూర్చొని భోంచేసి ఎన్నాళ్ళయిందో. చెవి ఎప్పుడూ వీధివైపే ఉండేది, ఎవరైనా హారను కొడుతున్నారేమోనని.

ఇతర దిక్కులవారి మాట. హొసకోటె, కృష్ణరాజపురం వైపువారికి బయ్యప్పనహళ్ళిలోను, స్వామి వివేకానంద రోడ్డులోను స్టాండ్లు ఉన్నవి. మెజెస్టిక్కులో దిగి ఆకుపచ్చ లైనుకు మారితే ఒకటే స్టేషను. కెంగేరివారికి మైసూరు రోడ్డు స్టేషను ఉన్నది. లేదా కెంగేరి బస్సు నిలయంలో చోటు చూచుకొనవచ్చు. దానిని ఆనుకొనే మెట్రో ఉన్నది. తుమకూరు నుంచి పెద్ద రైలులో వచ్చేవారు బండిని తమ ఊరి స్టేషనులోనే విడిచి, యశవంతపురంలో దిగి మెట్రో ఎక్కితే సరిపోతుంది.

హోసూరువారి సంగతి వేరు. 2025 ఆగస్టు 10న ప్రారంభమైన పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చిందని హోసూరులోని మన బంధువులు ఎంతో సంతోషించారు. పదహారు స్టేషన్లు, పందొమ్మిది కిలోమీటర్లు. కాని చాల స్టేషన్లలో బండికి చోటే ఏర్పాటు చేయలేదు. కొత్తగా కట్టినదానికి కూడ ఇంత ముందుచూపు లేకపోవడం నాకు అర్థం కాని విషయం. అందుకని వారు బండిని హోసూరులోనే పెట్టి, బస్సులో బొమ్మసంద్రకు వచ్చి, ఆర్.వి. రోడ్డులో మారి నేరుగా చిక్కపేటకు రావడం మేలు.

మోకాళ్ళ నొప్పుల పెద్దలను కారులోనే తేవలసినవారికి ఒక దారి ఉన్నది. గాంధీనగర దాపున, పాత సెంట్రల్ జైలు స్థలమైన ఫ్రీడం పార్కు ప్రక్కన, నగరపాలకవారు కట్టించిన అంతస్తుల కార్ల శాల 2024లో తెరచారు. కారు అక్కడ ఉంచి ఆటోలో పేటకు రావచ్చు.

ఇక డబ్బు మాట. నేను స్కూటరుకు చెల్లిస్తూ వచ్చింది నాలుగు గంటలకు 15 రూపాయలు, ఆపైన గంటకు 5, రోజంతటికీ 30 మించకుండా. ఆఫీసువాడికి ప్రతిరోజూ 30 తప్పదు. ఇరవై ఐదు రోజులకు 750. దీనిమీద రైలు ఛార్జీ. 2025 ఫిబ్రవరి 9న ఛార్జీలు పెంచినప్పుడు గరిష్ఠం 60 నుంచి 90 అయింది. కార్డు ఉన్నవారికి నూటికి ఐదు తగ్గింపు. గుమాస్తా జీతంలో ఇది పిల్లవాడి ట్యూషను ఫీజుతో పోటీపడే మొత్తం. అందుకే మా ఆఫీసులో ఇద్దరు ఈ దారి పట్టి, రెండు నెలలు నడిపి, తిరిగి స్కూటరుమీదనే పేట దాకా వస్తున్నారు. వారిని తప్పుపట్టలేను. బండిని ఊరి బయట విడిచి వచ్చేవాడు నగరానికి ఉపకారం చేస్తున్నాడు. వానికీ, బండి నిలిపి తన పని చూచుకొని పోయేవానికీ ఒకే లెక్క కట్టడం న్యాయంగా లేదు. రైలు ఎక్కిన కార్డు చూపినవానికి సగం తగ్గించమని మన సంఘం తరపున ఒక అర్జీ పెట్టవచ్చునని నా అభిప్రాయం. వ్రాయమంటే తెలుగులోనూ కన్నడంలోనూ నేనే వ్రాసి ఇస్తాను.

వేళలు కూడ గమనించండి. ఆదివారాలు మెట్రో ఉదయం ఏడింటికి గాని మొదలుకాదు. ఉదయపు పూజకు వచ్చేవారు ఇది చూచుకోవాలి. సోమవారాలు మాత్రం 2025 జనవరి నుంచి తెల్లవారుజామున 4.15కే నడుపుతున్నారు. ఆదివారం రాత్రి అనంతపురం, కడప వైపు నుంచి బస్సెక్కి మెజెస్టిక్కులో దిగేవారికి ఇది చాల ఉపయోగం. శనివారం నాగసంద్రలో స్కూటరు విడిచి ఊరికి వెళ్ళదలచినవారు, రెండు రాత్రుళ్ళు నిలపడానికి ఒప్పుకొంటారో లేదో కౌంటరులో ముందే అడిగి, రసీదు జాగ్రత్తగా జేబులో పెట్టుకొని వెళ్ళండి.