గాలి కొట్టేవాడి ప్రాణం

పాత వస్తువుల మీద మోజు ఖరీదైనదని లోకానికి తెలిసిందే. అయితే ఆ ఖరీదును ఒక్కొక్కసారి యజమాని కాక, అతనికి పేరైనా తెలియని మరొక మనిషి తన ప్రాణంతో చెల్లించవలసి రావచ్చునని, మా ఇంటికి ఒక పాత ట్రక్కు వచ్చిన తరువాతనే నాకు బోధపడింది.

మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్ నగరానికి చేరువలో ఉంటున్నాము. నేను చదివినది ఆంగ్ల సాహిత్యం, చేస్తున్నది అనువాదం. మా వారు ఇంజనీరు. విజయవాడ ఆటోనగర్‌లో మా మామగారికి లారీ టైర్ల దుకాణం ఉండేది. బడికి సెలవులు వస్తే మా వారు ఆ దుకాణంలో గాలి గొట్టం పట్టుకుని నిలబడేవారట. బహుశా ఆ వాసన వదలకనే కాబోలు, నలభై ఎనిమిదో ఏట ఆయన 1951 నాటి షెవర్లే 3800 రకం ట్రక్కును కొన్నారు. ఒక టన్ను బరువు మోసే తరగతి బండి. ఒక రైతు మరణించాక ఆయన పిల్లలు పాత సామానుతోపాటు దానినీ అమ్మివేశారు.

ఆరు సిలిండర్ల ఇంజను ఆరు నెలల సేవకు లొంగి పలికింది. బ్రేకులు కొత్తవి పడినవి. ఇక మిగిలినవి టైర్లు. పగుళ్లు బారిన ఆ టైర్లను మార్పించుకుందామని రెండు దుకాణాలకు వెళ్లాము. రెండు చోట్లా పనివారు చక్రం వైపు ఒక్కసారి చూసి, మర్యాదగానే, ముట్టుకోమని చెప్పి పంపివేశారు. మూడవ దుకాణంలో అరవై దాటిన పెద్దమనిషి ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని, రిమ్ము మీది మురికిని బొటనవేలితో తుడిచాడు. అక్కడ చెక్కి ఉన్న 'ఆర్.హెచ్. 5 డిగ్రీ' అనే గుర్తును మాకు చూపించాడు. తరువాత మా వారితో కాక, నాతో అన్నాడు: "అమ్మా, దీనికి మా వాళ్లు పెట్టిన పేరు విడో మేకర్."

ఆ మాటను తెలుగులో ఏమనాలి? అనువాదకుల మనస్సు ఎంతటి సమయంలోనైనా తన పని తాను చేసుకుపోతుంది. 'విధవను చేసేది' అనుకున్నాను. అది నిఘంటువు మాట. బండి ఎక్కాక నా నోటివెంట వచ్చిన మాట వేరు: "తాళి తెంచే చక్రమట." మా వారు బదులు పలకలేదు. ఇంటికి చేరేదాకా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఆ చక్రంలోని దోషమేమిటో పాఠకులకు వివరించాలి. మామూలు కారు చక్రపు రిమ్ము ఒకే ముక్క. దాని నడుమ లోతైన గాడి ఉంటుంది. టైరు అంచును ఒక పక్క ఆ గాడిలోకి జార్చి, రెండవ పక్కను రిమ్ము మీదుగా దాటిస్తారు. ఆనాటి బరువు బండ్ల టైర్లు అలా వంగేవి కావు. అందుచేత రిమ్మునే ముక్కలుగా చేశారు. ముందు టైరును తొడిగి, ఆపైన ఇనుప రింగును బిగిస్తారు. మన లారీలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న రింగు రిమ్ములు ఈ జాతివే. ఆ రింగును పట్టి ఉంచే బోల్టంటూ ఏదీ లేదు. టైరులోని గాలి ఒత్తిడే దానిని దాని గాడిలో అదిమి ఉంచుతుంది. గాడి తుప్పు పట్టినా, రింగు వంగినా, ఒక రిమ్ము రింగును మరొక రిమ్ముకు తొడిగినా, పట్టి ఉంచవలసిన ఆ గాలే దానిని విసరివేస్తుంది.

ఆ విసురు ఎంతటిదో మా వారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. చదరపు అంగుళానికి 50 పౌండ్ల ఒత్తిడి; అది అంచును బయటికి నెట్టే వైశాల్యం సుమారు 200 చదరపు అంగుళాలు. మొత్తం 10,000 పౌండ్లు, అనగా నాలుగున్నర టన్నులు. మా ట్రక్కు మొత్తం బరువైనా అంత లేదు.

మన లారీల రింగు బయటి అంచున ఉంటుంది కనుక, సరిగా కూర్చున్నదో లేదో కంటికి కనబడుతుంది. మా ట్రక్కుకు వెనుకటి యజమానుల్లో ఎవరో అమర్చిన ఈ చక్రాలు అంతకన్నా మాయదారివి. వాటి రెండు ముక్కలూ కలిసే చోటు టైరు కిందనే దాగి ఉంటుంది. టైరు తొడిగాక, ఆ అతుకు కుదురుకున్నదో లేదో చూడడం ఎంతటి నిపుణునికైనా సాధ్యం కాదు. దశాబ్దాల తుప్పు కూడా ఆ చాటునే పేరుకుని ఉంటుంది.

ఆ రాత్రి మా వారు తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పారు. ఇరవై ఏళ్ల సంసారంలో అంతవరకు చెప్పనిది. పొరుగు దుకాణంలో పదహారేళ్ల కుర్రవాడొకడు రింగును సుత్తితో సరిచేస్తూ గాలి పడుతున్నాడట. పిడుగు పడిన చప్పుడు. ఆ తరువాత చాలా రోజులు మా మామగారు తన కొడుకును గాలి గొట్టం పట్టనివ్వలేదు. "ఆ లారీ యజమాని ఎదుటి కాకా హోటల్లో టీ తాగుతున్నాడు. అతనికేమీ కాలేదు," అన్నారు మా వారు.

నా మనస్సులో నిలిచిపోయినది ఆ చివరి మాటే. ఈ చక్రం వలన అపాయం ఎక్కువగా బండి ఎక్కి తిరిగేవారికి కాదు. గాలి కొట్టేవానికి. పాత వస్తువును యథాతథంగా ఉంచుకోవాలన్న మన ముచ్చట తీరడానికి, మరొకడు దాని ముందు వంగవలసి ఉంటుంది.

మరునాటి నుండి మంచి చక్రాల వేట మొదలయింది. మా ట్రక్కు చక్రానికి ఎనిమిది బోల్టులు. ఎదురెదురు బోల్టుల నడిమి దూరం ఆరున్నర అంగుళాలు, అంటే 165.1 మిల్లీమీటర్లు. అదృష్టవశాత్తు ఇదే కొలతను తరువాతి దశాబ్దాలలో వచ్చిన అనేక బరువు పికప్ ట్రక్కులూ అనుసరించాయి. తుక్కు యార్డులో ఎనిమిది రంధ్రాల చక్రాలు గుట్టలుగా పడి ఉన్నాయి. అయితే, అనువాదంలో పోలిక చూసి మోసపోగూడని మాటలు ఉన్నట్లే చక్రాలలోనూ ఉన్నాయి. ఫోర్డు సంస్థ 1999 నుండి తన బరువు ట్రక్కులలో 170 మిల్లీమీటర్ల కొలతకు మారింది. జనరల్ మోటార్స్ 2011లో 180కి మారింది. మూడూ కంటికి ఒకటిగానే కనిపిస్తాయి. ఐదు మిల్లీమీటర్ల తేడాను బలవంతాన బిగిస్తే, బోల్టు ఏదో ఒకనాడు దారిలో తెగుతుంది.

బోల్టులు కుదిరినంత మాత్రాన పని కాదు. చక్రపు నడిమి రంధ్రం ఇరుసు కుండ మీద కూర్చోవాలి. రిమ్ము లోపలి అంచుకు బ్రేకు డ్రమ్ము గాని, స్టీరింగు కడ్డీలు గాని తగలరాదు. నట్టు కూర్చునే గుంట ఆకారమూ, నట్టు ఆకారమూ ఒకటి కావాలి. అన్నింటినీ మించి, చక్రమూ టైరూ రెండూ ఆ బరువుకు, ఆ గాలి ఒత్తిడికి తగినవై ఉండాలి. కారు చక్రం ఎంత అందంగా ఉన్నా టన్ను ట్రక్కుకు పనికిరాదు.

నాలుగు నెలలకు ఒకే ముక్కగా చేసిన పదహారు అంగుళాల ఉక్కు చక్రాలు కొత్తవి దొరికాయి. వాటికి ఎల్.టి. 235/85 ఆర్ 16 కొలత టైర్లు తీసుకున్నాము. బరువు మోసే 'ఇ' తరగతివి. 80 పౌండ్ల ఒత్తిడి వద్ద ఒక్కొక్కటి 3,042 పౌండ్లు మోయగలదు. ఎత్తు కూడా పాత టైర్లకు దగ్గరే కావడంతో బండి నడకలో పెద్ద మార్పు రాలేదు.

పాత చక్రాలను విప్పడానికి ముందు, నట్లను ముట్టుకోకుండానే, మా వారు నాలుగు టైర్ల వాల్వు పిన్నులూ ఊడదీసి గాలి పూర్తిగా పోనిచ్చారు. అంతలో పాత బండ్లు సేకరించే ఒకాయనకు సంగతి తెలిసింది. ఆ కాలపు చక్రాలంటూ మంచి వెల ఇస్తానన్నాడు. కొత్త చక్రాల ఖర్చులో సగం వచ్చేది. మా వారు ఒక రాత్రి ఆలోచించి, మరునాడు గ్యాస్ కట్టరుతో నాలుగు రిమ్ములనూ కోయించి తుక్కులో వేయించారు. "నేను అమ్మితే, అతడు వాటిని ఎవరో ఒక కుర్రవాడి చేతికి ఇస్తాడు," అన్నారు. అంతకు మించి వివరణ ఇవ్వలేదు.

ఈ వేటలో నేను చదివిన పత్రాలలో, అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ 1980లో పెద్ద వాహనాల ముక్కల రిమ్ముల గురించి చేసిన నిబంధనలు నన్ను కట్టివేశాయి. 1984లో ఒకే ముక్క రిమ్ములనూ వాటిలో చేర్చారు. నా వృత్తి జీవితంలో ఎన్నో కథలు అనువదించాను. ఇంత అవసరమైన గద్యం నా చేతికి రాలేదనిపించి, వాటి సారాన్ని ఒక పుటలో తెలుగు చేసి, ఇప్పుడు ఆ దుకాణం నడుపుతున్న మా బావగారికి పంపాను. చక్రాన్ని ఇనుప పంజరంలో ఉంచి గాలి నింపాలి. గొట్టం కొసన దానంతటదే పట్టుకునే క్లిప్పు ఉండాలి. మనిషి దూరంగా నిలబడాలి. గాలి ఉన్న చక్రం మీద సుత్తి దెబ్బ వేయరాదు. పగిలిన, వంగిన, తుప్పు తిన్న రింగును వెల్డింగు చేసి తిరిగి వాడరాదు. ఒకదాని రింగును మరొకదానికి తొడగరాదు.

ఒక్క మాట వద్ద మాత్రం ఆగాను. ముక్క ఎగిరివచ్చే దారికి ఆంగ్లంలో ఒక శాస్త్రీయ పదం ఉంది. తెలుగులో 'ప్రక్షేప మార్గం' అనవచ్చు. బావగారిని ఫోనులో అడిగాను. ఆయన నవ్వి, "మా కుర్రాళ్లకు అది మంత్రంలా ఉంటుందమ్మా. 'రింగు ఎగిరే దోవలో నిలబడొద్దు' అని రాయి. చాలు," అన్నారు. అలాగే రాశాను.

ఆ కాగితాన్ని ఆయన అట్టకు అంటించి కంప్రెసరు పక్కన తగిలించారు. మందపాటి పైపులతో పంజరం కూడా చేయించారు. మొదట కుర్రవాళ్లు ఆలస్యమవుతోందని గొణిగారట. పక్క దుకాణాలవారు ఇద్దరు ఆ కాగితానికి నకళ్లు తీసుకువెళ్లారు.

ఇక్కడ మా ట్రక్కు ఆదివారాలలో బయటకు వస్తుంది. కొత్త చక్రాలకు పాత బండి రంగే వేయించినందున చాలామందికి తేడా తెలియదు. నెలకొకసారి టైర్లలో గాలి చూసుకుంటాము. ఈమధ్య ఆ పని మా అబ్బాయి తనకు కావాలని అడిగి తీసుకున్నాడు. వాడికి పదహారేళ్లు.