మంచు విడిపోయాక కనబడిన దారి



నేను విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదట. ఇన్నాళ్లూ మీ పోస్టులు చదవడమే గానీ రాయలేదు. ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

డిసెంబరు సెలవులకి నా రూమ్మేటు మా ఊరొస్తానన్నాడు. వాళ్లది గోదావరి జిల్లా. వాడికి ఫోటోలంటే పిచ్చి, కెమెరా కూడా ఉంది. వంజంగి వెళ్దామన్నాడు. "అక్కడంతా జనమేరా, మా కొండెక్కితే అదే మంచు కనబడతాది" అని నేనే గొప్పలు పోయాను.

తెల్లవారి నాలుగున్నరకి బయలుదేరాం. అమ్మ చోడి అంబలి తాగించి పంపింది. కాఫీ తోట దాటాం. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద ఎర్రటి కాఫీ పళ్లు. వాడు టార్చి వేసి అన్నీ చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచి చూసినవే అయినా, వాడు చూస్తుంటే నాకూ కొత్తగా అనిపించాయి.

పైకెళ్లేసరికి లోయ నిండా తెల్లగా మంచు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల చల్లబడి, చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగిపోతుంది. అక్కడి తేమే మంచవుతుంది. పైనుంచి చూస్తే సముద్రంలా ఉంటుంది. లెన్సుకి తేమ పడితే మెత్తటి గుడ్డతో తుడవాలని, సూర్యుడి వైపు తీసేటప్పుడు ఫోన్లో వెలుతురు కొంచెం తగ్గించాలని వాడు నేర్పాడు. నేనూ చాలా ఫోటోలు తీశాను.

ఎనిమిది దాటాక మంచు విడిపోవడం మొదలైంది. కింద మా ఊరి నుంచి తారు రోడ్డు దాకా దిగే కాలిదారి ఎర్రగా, వంకర్లు తిరుగుతూ కనబడింది. పక్కన పసుపుపచ్చని వలిసె పూలు. వాడు గబగబా ఫోటోలు తీసి, "ఎంత బాగుందిరా! రోడ్డు పడకపోవడమే మంచిది, పడితే ఈ అందం పోతుంది" అన్నాడు.

నేను "అవున్రా" అని నవ్వేశాను. ఆ నవ్వు గురించే ఈ పోస్టు.

రెండేళ్ల కిందట వర్షాల్లో మా నాయనమ్మకి జ్వరం ఎక్కువైతే, ఆ దారినే డోలీలో మోసుకెళ్లాం. నలుగురు మార్చుకుంటూ మోశారు. నేను ముందు టార్చి పట్టుకుని నడిచాను. బురదలో రెండుసార్లు డోలీ దించాల్సొచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయిందన్నారు. నాయనమ్మ మళ్లీ ఇంటికి రాలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఆమె ఫోటో అంటే ఆధార్ కార్డు మీదున్న ఆ మసక బొమ్మే.

ఇదంతా తెలిసి కూడా, స్నేహితుడి ముందు చిన్నబోతానని నవ్వాను. కాసేపటికి కూర్చుని మొత్తం చెప్పేశాను. వాడు కెమెరా కింద పెట్టేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెలీక అన్నానురా" అన్నాడు. వాడి తప్పేటి, చెప్పాల్సింది నేను కదా!

దిగేటప్పుడు తోటలో పిన్ని కాఫీ పళ్లు కోస్తోంది. వాడు ఈసారి కెమెరా ఎత్తకుండా, "తీయమంటారా పిన్నీ?" అని అడిగాడు. "తియ్యి బావూ. వచ్చినోళ్లందరూ తీసుకుపోతారు గానీ, మాకు ఒక్కటైనా ఇయ్యరు. నాకో కాగితం ఫోటో పంపాల" అంది. సంక్రాంతికి నా చేత ప్రింటు పంపాడు. పిన్ని దాన్ని గోడకి పెట్టుకుంది.

దారి ఫోటోలు కూడా మళ్లీ తీశాం. ఈసారి కాఫీ మూటలు మోసుకుని దిగుతున్న మావాళ్లని అడిగి, వాళ్లతో సహా తీశాం. ఊరి పెద్దలు రోడ్డు కోసం ఇచ్చిన అర్జీకి అవి జతచేశాం. రోడ్డు ఇంకా రాలేదు. అర్జీ తీసుకున్నట్టు రసీదు మాత్రం మా నాన్న ట్రంకు పెట్టెలో ఉంది.

మన కొండలు అందమైనవే. మంచు ఫోటో స్టేటస్ పెట్టుకుందాం, తప్పులేదు. కానీ ఆ మంచు కింద ఏ ఊరుందో, ఆ ఊరికి దారెలా ఉందో కూడా ఒక ఫోటో తీసి పెట్టండి. ఊరి పేరు, ఎంతసేపు నడవాలో రాయండి. ఇంట్లో ముసలోళ్లుంటే ఈ సెలవుల్లోనే అడిగి ఒక మంచి ఫోటో తీసి, ప్రింటు వేయించి ఇవ్వండి. నేను ఆ పని చేయలేకపోయాను.

తప్పులుంటే మన్నించండి.

జై ఆదివాసీ.