అనిమిషుల ఆహారాన్వేషణము

సంస్కృతమున 'అనిమిష' శబ్దమునకు దేవత యనియు, చేప యనియు రెండర్థములు కలవు. ఱెప్పపాటు లేకుండుటయే యీ యిరుతెగలకును గల పోలిక. దేవతల మాట యెట్లున్నను, మన చెఱువుచేపలకు కనుఱెప్పలు లేవన్నది ప్రత్యక్షము. కన్ను మూయవు గనుక అవి రేయింబవళ్లు మేయుచునే యుండునని పెక్కురు తలంతురు. అది సరి కాదు. చేపలకును విశ్రాంతి కలదు. మేతకు వేళలు కలవు. ఆ వేళలు జాతిజాతికిని వేఱు.

మేము నివసించు చిక్కడపల్లికి అనతిదూరముననే హుస్సేనుసాగరము కలదు. ఇది ఇబ్రహీం కుతుబ్‌షా యేలుబడిలో, 1562 ప్రాంతమున నిర్మితమైనది. మన ప్రాంతపు చెఱువులలో బొచ్చె, రవ్వ, మోసు అను మూడు తెగల చేపలను కలిపి పెంచుట వాడుక. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటి సూక్ష్మజీవులను వడగట్టి భుజించును. రవ్వ నడిమినీట తిరుగును. మోసు నోరు క్రిందుగా నుండుటచే అడుగుబురదలో మేత వెదకికొనును. మూడు పంక్తులును ఒక్క చెఱువుననే సాగును. ఇచట పంక్తిభేదము నోటి తీరునుబట్టియే కాని గౌరవపు హెచ్చుతగ్గులనుబట్టి కాదు!

చీకటిపడగా వాలుగ, జెల్ల, మార్పుచేప మొదలగునవి బయలుదేరును. వీనికి కంటితో పని తక్కువ. మన నాలుకపై నుండు రుచిమొగ్గల వంటివి వీని మీసములపైనను, చర్మముపైనను గలవు. కనుక బురదనీటిని తడవి చూచియే ఇవి మేతను గుర్తుపట్టగలవు. ఒడలి ప్రక్కలనుండు పార్శ్వరేఖ నీటి కదలికను తెలుపును. అశోకనగరులో పోటీపరీక్షలకై రాత్రులు మేల్కొను మన విద్యార్థులకు దీపము కావలెను. వాలుగకు అదియు నక్కఱలేదు.

ఇక విచారింపవలసిన సంగతి యొకటి కలదు. తెల్లవాఱుజామున చేపలు గుంపులుగా పైకి వచ్చి నోళ్లు తెఱచుట కొన్ని చెఱువులలో కనబడును. చూచినవారు ఆకలియని తలచి, పుణ్యమునకై పిండిముద్దలో, రొట్టెముక్కలో, మరమరాలో విసరుదురు. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవుట. నీటిలోని నాచు పగలు ఎండవలన ప్రాణవాయువును విడుచును. రాత్రి తానును దానినే పీల్చును. మురుగుచే నాచు మితిమీరి పెరిగిన నీటిలో, ప్రాణవాయువు సూర్యోదయమునకు ముందు మిక్కిలి క్షీణించును. మనము వేసిన పిండి తినగా మిగిలినది కుళ్లి, ఉన్న కొంచెమును హరించును. కొరమీనును, మార్పుచేపయు గాలిని నేరుగా పీల్చి బ్రదుకగలవు. బొచ్చెకు ఆ నేర్పు లేదు. 2016లో తెలంగాణము కొరమీనును రాష్ట్రమత్స్యముగా ఎన్నుకొన్నది; ఇప్పటి నీళ్లకు తగిన ఎంపికయే యనవలెను.

హుస్సేనుసాగరపు మిగులునీటి కాలువ అశోకనగరు, నారాయణగూడల ప్రక్కగా మూసీకి పోవుచున్నది. ఆ నల్లని నీట మన యిండ్ల మురుగును కలదు. ఒకచేత మురుగు వదలి, వేఱొకచేత పిండి చల్లుట దానమెట్లగును? "తాతలనాటి ఆచారమండీ, మానుటెట్లు?" అని మిత్రులడుగుదురు. భూతదయను మానుమని మేమనము. అది చేరవలసిన చోటు మార్చుమనుచున్నాము. వాడిన నూనె, ఎంగిలి, మిగిలిన మందులు కాలువపాలు కాకుండ ఆపుటయు, మురుగును శుద్ధిచేయకయే విడుచు చోట పురపాలకులను నిలదీయుటయు ధర్మకార్యములే. చేప పగలో రాత్రియో తన మేతను తాను వెదకికొనగలదు. ప్రాణవాయువును మాత్రము వెదకి తెచ్చుకొనజాలదు; దానిని నీటిలో మిగుల్చుట మన చేతిలోనున్నది.